వీధి పెట్టెనుండి ఇంటి పెట్టెకు : ఆర్థరు వీరుని రెండవ యాత్ర

పండుగ సంచికలో చరిత్ర వ్యాసమనగానే శాసనమో, కోటయో, రాజవంశమో కనబడునని పాఠకులు ఎదురుచూచుట సహజము. ఈ ఉగాదికి మేము వేరొక చరిత్రను ఎన్నుకొన్నాము. అది జపాను దేశమున ఒసాకా నగరములో పుట్టి, పలు దేశముల ఇండ్లకు చేరిన ఒక వీడియో ఆట చరిత్ర. పిల్లల ముచ్చటకు పెద్దల సంచికలో చోటేమిటని అడుగువారు ఉందురు. ఆనాడు దానినాడిన పిల్లలకు ఇప్పుడు నలుబదియేండ్లు దాటినవి. వారి చిన్ననాటి వినోదము అప్పుడే చరిత్రలో పడినది. అదిగాక, ఒకచోట పుట్టినది మఱియొక చోటికి పోయి, అచటి ఇరుకు గదిలో సర్దుకొని, తన పోలికను ఎంతవరకు నిలుపుకొన్నదన్న ప్రశ్న, తరతరములుగా పొరుగు భాషల నడుమ కాపురమున్న మనకు పరాయి ప్రశ్న కాదు.

మొదట మొదటి ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. 1985లో కాప్‌కాం అను సంస్థ ‘మకైమురా’ అను ఆటను వెలువరించినది. పాశ్చాత్య దేశములలో దానికి ‘గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్’ అని పేరు. అది ఆటశాలలలో నిలువెత్తు పెట్టెలో ఉండి, నాణెము వేసిన కొలది ఆడనిచ్చునట్టిది. దానిని రూపొందించినవాడు తొకురో ఫుజివారా. ఈయన అంతకుముందు కొనామీ సంస్థలో పనిచేసి కాప్‌కాంకు వచ్చినవాడు. కథ అతి సామాన్యము. రాకుమారిని దయ్యములు ఎత్తుకొనిపోవును. ఆర్థరు అను కవచధారి ఆమెను వెదకుచు శ్మశానము మీదుగా బయలుదేరును. మన కాశీమజిలీ కథలు చదివినవారికి ఇందులో క్రొత్త ఏమియు లేదు.

క్రొత్తదనమంతయు ఆడించు తీరులో ఉన్నది. శత్రువు ఒక్కసారి తాకినచో ఆర్థరు కవచము ముక్కలై ఎగిరిపోవును. వీరుడు లోదుస్తులతో నిలువబడును. రెండవసారి తాకినచో ఎముకల గూడై కూలును. అంతే, మూడవ అవకాశము లేదు. మహావీరుడు చుక్కల లాగుతో సమాధుల నడుమ పరుగెత్తు దృశ్యము చూచి నవ్వని వారుండరు. ఆ నవ్వుతోబాటు ఆడువాని అరచేతులు చెమర్చుటయు సత్యమే. ఆర్థరు ఒకసారి గాలిలోనికి ఎగిరిన తరువాత దారి మార్చుకొనలేడు. ఎగురకముందే ఎచట దిగునో తెలిసియుండవలెను. ఇట్లు ఆరేడు అంకములు దాటి చివరికి చేరినవానిని, ‘చూచినదంతయు మాయ’ అని ఆట మరల మొదటికి పంపును. రెండవసారి అన్నియు దాటిననే నిజమైన ముగింపు. ఫుజివారా హాస్యప్రియుడో, క్రూరుడో మాకు తేల్చుకొనుట కష్టము. రెండును అయియుండునని మా ఊహ.

1986లో ఈ ఆట ‘ఫామికాం’ అను ఇంటి పెట్టెకు వచ్చినది. అది నింటెండో సంస్థ 1983లో అమ్మకానికి తెచ్చిన యంత్రము. టెలివిజనుకు తగిలించుకొని, కార్ట్రిడ్జి అను చిన్న డబ్బాను దూర్చి ఆడుకొనునది. ఆటశాల పెట్టెలోని ఆటను ఇట్లు వేరొక యంత్రమునకు తగినట్లు మరల నిర్మించుటను ఆ వృత్తివారు ‘పోర్టు చేయుట’ అందురు. మొదటి ఆటను ఫామికాముకు పోర్టు చేసిన పని కాప్‌కాం బయటివారైన మైక్రోనిక్స్ చేతిలో జరిగినదని చెప్పుదురు. ఫామికాము పని చేయు జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. ఒకే అడ్డగీతపై 8 బొమ్మలకు మించి చూపజాలదు. తొమ్మిదవ దయ్యము వచ్చినచో అన్నియు మిణుకుమిణుకుమనుట తప్పదు. ఆ పోర్టున కదలిక కుంటినడక వంటిది, తెర జరుగుట గతుకుల బాటపై బండివలె ఉండును. అయినను ఆటను ఆటగా పోల్చుకొనవచ్చును. ప్రపంచములో పెక్కుమందికి ఆర్థరు పరిచయమైనది ఈ కుంటి ప్రతి మూలముననే.

ఇక మన కథకు వత్తము. 1988 చివర కాప్‌కాం రెండవ ఆటను ఆటశాలలకు పంపినది. జపానులో దానికి ‘దైమకైమురా’ అని పేరు. పశ్చిమాన ‘గూల్స్ ఎన్ గోస్ట్స్’. ‘దై’ అనగా పెద్ద, ‘మకై’ అనగా దయ్యపు లోకము, ‘మురా’ అనగా ఊరు. ఈ ‘మ’ అను అక్షరమును గూర్చి ఒక ముచ్చట చెప్పి ముందుకు పోవుదుము. బౌద్ధ గ్రంథములు చైనా భాషలోనికి పోయినప్పుడు, బుద్ధుని తపస్సును చెఱుపవచ్చిన మారుని పేరు వ్రాయుటకు అచటివారు కల్పించుకొన్న అక్షరమిది. మారుడు తన భూతగణములతో బుద్ధునిపై దండెత్తిన ఘట్టమును మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రాతిపై చెక్కినారు. సంస్కృత పదము చైనాలో అక్షరమై, జపానులో దయ్యపు లోకమై, తుదకు వీడియో ఆట పేరున కూర్చున్నది. మాటలు చేయు ప్రయాణము ముందు మనుష్యుల వలస యెంత!

రెండవ ఆటలో మార్పులు ఏవి? ఆర్థరు ఇప్పుడు పైకిని, ఎగిరియున్నప్పుడు క్రిందికిని ఆయుధము విసరగలడు. మొదటి ఆటలో నెత్తిపై వ్రేలాడు శత్రువును చూచి ఏమియు చేయలేక నిలిచినవారికి ఇది ఎంత ఊరటయో వారికే తెలియును. రెండవది, బంగారు కవచము. కొన్ని చోట్ల దూకినచో నేలనుండి మందసము లేచును. దానిని పగులగొట్టినచో కవచమో ఆయుధమో దొరకును. ఒక్కొక్కసారి మాంత్రికుడు లేచి ఆర్థరును ముదుసలిగానో, బాతుగానో మార్చివేయును. బంగారు కవచము తొడిగి మీట నొక్కిపెట్టినచో, చేతిలోని ఆయుధమును బట్టి వేర్వేరు మంత్రములు వెలువడును. ఈటె పట్టినవానికి మెఱుపు. బాకు పట్టినవానికి తన నీడవంటి రెండవ ఆర్థరు. అంకములు అయిదే. కాని ఎటువంటి అంకములు! మొదటిదానిలో తలలు నరకు యంత్రముల నడుమ గాలివాన. వాలుగా లేచిపడు నేల. తన తలను తానే చేత పట్టుకొని నిప్పు గ్రక్కు రాక్షసుడు. తరువాత కాలుచున్న ఊరు, పైకి లేచు గోపురము, జారుడు దారులు, తుదకు కోట. ఇందులో కూడ రెండుమార్లు దాటిననే ముగింపు. తమాయో కవమోతో అను స్త్రీ కూర్చిన సంగీతము శ్మశానమునకు తగినట్లు బరువుగా ఉండును.

ఇదంతయు నడిపినది కాప్‌కాం క్రొత్తగా తయారుచేసుకొన్న ‘సి.పి. సిస్టం’ అను యంత్రఫలకము. దానిపై వచ్చిన రెండవ ఆట ఇది. దాని గుండెకాయ మోటరోలా 68000 అను ప్రాసెసరు, సెకనుకు కోటి టిక్కులు, అనగా 10 మెగాహెర్ట్సు. పాటకు యమహా వారి వై.ఎం. 2151 అను చిప్పు, ఎనిమిది గొంతులతో. బొమ్మలు నిలువయుంచుటకు ఇంటి కార్ట్రిడ్జిలు కలలోనైన ఎరుగనంత చోటు. ఇట్టి పెట్టెలోని ఆటను సామాన్యుని టెలివిజను ముందుకు తెచ్చుట ఎట్లు? ఈ వ్యాసమునకు ముడి ఇచటనే ఉన్నది.

తెచ్చినది కాప్‌కాం కాదు, సెగా. ఇందుకు కారణము వ్యాపార మర్యాదలు. ఆ దినములలో ఇంటి ఆటల విపణి నింటెండో చేతిలో ఉండెను. దాని కొఱకు ఆటలు చేయు సంస్థలు దాని షరతులకు లోబడియుండెడివి. ప్రత్యర్థికి బాహాటముగా ఆటలు చేసిపెట్టుటకు వెనుకాడెడివి. 1988 అక్టోబరులో సెగా ‘మెగా డ్రైవ్’ అను పదునారు బిట్ల యంత్రమును జపానులో విడుదల చేసినది. యంత్రమున్నది గాని ఆటలు లేవు. అప్పుడొక మధ్యే మార్గము కనుగొన్నారు. కాప్‌కాం తన ఆట హక్కును ఇచ్చును; సెగావారు తమ ఉద్యోగులచేతనే దానిని మరల నిర్మించి, తమ పేరనే అమ్మెదరు. అందువలననే ఆ కాలపు కాప్‌కాం ఆటలకు సెగా ప్రతులలో, సెగాయే తిరిగి ప్రోగ్రాము చేసినదన్న మాట తెరపై కనబడును. 1989లో దైమకైమురా ఇట్లు మెగా డ్రైవుకు వచ్చినది. ఆ యేడే అమెరికాలో ‘జెనిసిస్’ పేర ఆ యంత్రము అమ్మకానికి పోగా, ఆట కూడ దాని వెంట అచటికి చేరినది.

ఈ పని యూజీ నాకా అను యువకునికి పడినది. అప్పటికాయన ‘ఫాంటసీ స్టార్’ అను ఆటకు ప్రోగ్రాము వ్రాసి సెగాలో మంచి పనివాడని పేరు తెచ్చుకొన్నవాడు. ఆయన ముందున్న కొలతలు చూడుడు. మెగా డ్రైవులోని ప్రాసెసరు కూడ 68000 జాతిదే. ఇది పెద్ద అదృష్టము. కాని దాని వేగము 7.67 మెగాహెర్ట్సు మాత్రమే. ఆటశాల తెర అడ్డముగా 384 చుక్కలు. ఇంటి యంత్రమున హెచ్చుకు హెచ్చు 320. ఒకేసారి చూపదగిన రంగులు 64. యమహా చిప్పు ఉన్నది గాని అది వై.ఎం. 2612, ఎనిమిది గొంతులకు ఆరు. అన్నిటికిని మించినది కార్ట్రిడ్జి కొలత : 5 మెగాబిట్లు, అనగా 640 కిలోబైట్లు. ఇప్పుడు చేతి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు ఇంతకన్న ఎక్కువ చోటు పట్టును. ఆ దినములలో జ్ఞాపక చిప్పుల ధర మండుచుండెను. ఒక మెగాబిట్టు పెంచినచో డబ్బా ధర పెరుగును, కొనువాడు తగ్గును.

కనుక ఏమి ఉంచవలెను, ఏమి విడువవలెను అన్నదే ప్రశ్న. మనకిది తెలియని చిక్కు కాదు. తిక్కన భీష్మపర్వము వ్రాయునప్పుడు గీతలోని ఏడువందల శ్లోకములను కొలది పద్యములకు దింపినాడు; యుద్ధకథ నడక చెడకూడదని ఆయన ఎంచినాడు. దానిని లోపమన్నవారున్నారు, ఔచిత్యమన్నవారున్నారు. కాని ఎవరును అది తిక్కనకు చేతగాక జరిగినదనలేదు. పోర్టు చేయువాని పనిని కూడ ఈ కంటితోనే చూడవలెనని మా మతము. వెనుకటి చిత్రములలోని వివరములు తగ్గించవచ్చును. రంగుల ఛాయలు కలిపివేయవచ్చును. ఒక బొమ్మ కదలికకు పది చిత్రములున్నచో ఆరింటితో సరిపెట్టవచ్చును. కాని ఆర్థరు ఎగిరిన ఎత్తు, దిగుటకు పట్టిన కాలము, ఈటె వేగము, సమాధినుండి శవము లేచు క్షణము, వీటిలో ఒక్కటి తప్పినను ఆట వేరగును. ఆటశాలలో మాసములకొలది సాధన చేసినవాని వ్రేళ్ళు ఆ కాలమానమును కంఠస్థము చేసియుండును. అతడు ఇంటిలో మీట పట్టిన తొలి నిమిషముననే, ఇది అదియా, కాదా అని చెప్పగలడు.

నాకా చేసిన ప్రతిలో నునుపైన రంగులు తగ్గినవి, పాట కొంత పలుచనైనది, తెర ఇరుకైనది. కాని వ్రేళ్ళకు తెలిసిన ఆట అట్లే ఉన్నది. మూలమును పక్కన పెట్టి చూచినచో తేడాలు లెక్కింపవచ్చును. ఆడుచున్నప్పుడు వాటిని తలచువాడు తక్కువ. ఆటశాల ఆట నిజముగా ఇంటికి వచ్చినదని జనులు నమ్మినది ఇట్టి కొలది ప్రతులను చూచియే. యంత్రము అమ్ముడుపోవుటకు ఇది కొంత తోడ్పడినదనుటలో సందేహము లేదు.

ఈ పనికొక ఊహింపని ఫలము కూడ కలిగినది. మొదటి అంకములో నేల సమతలము కాదు, వాలుగా లేచి దిగుచుండునని పైన చెప్పియుంటిమి. ఆ కాలపు ఆటలలో నేల సాధారణముగా ఇటుకలు పేర్చినట్లు చదునుగా ఉండెడిది. వాలు నేలపై బొమ్మ పాదము గాలిలో తేలకుండ, నేలలో దిగబడకుండ నడిపించుటకు లెక్క వేరుగా కట్టవలెను. కాప్‌కాంవారి ఆటను మరల నిర్మించుచు నాకా ఈ విద్యను వంటబట్టించుకొన్నాడు. అంతటితో ఊరకుండక, వాలు మీద మెల్లగా నడుచుటేల, పరుగెత్తించిన నేమి అని తలచినాడు. నవోతో ఓషిమా గీసిన నీలి ముళ్ళపంది, హిరోకాజు యాసుహారా కల్పించిన కొండలు, లోయలు, చక్రపు మలుపులు, వీనితో ఆ తలపు 1991లో ‘సోనిక్’ అయినది. సెగా సంస్థకు ఆ ముళ్ళపంది ఎంత భాగ్యము తెచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. ప్రతిచేయువాడు కేవలము వ్రాయసగాడని తలచువారు ఈ సంగతి ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒకరి గ్రంథమును అక్షరమక్షరము చదివినవానికి అందులోని కీలకములు తెలిసినట్లు వేరెవరికిని తెలియవు.

ఇచట మాకు ఆసక్తి కలిగించిన వేరొక సంగతి ఉన్నది. రెండుమార్లు ఆడించు ఏర్పాటు ఆటశాలలో పుట్టినది. అచట ప్రతి చావునకు ఒక నాణెము. పెట్టె యజమానికి కావలసినది కఠినమైన ఆట, తొందరగా కూలు వీరుడు. ఇంటిలో నాణెములు లేవు. కొన్న డబ్బా ధర ఒక్కమారే చెల్లించినాము. మరి ఆ కఠినత ఇంటికేల? దానిని తగ్గించియుండవచ్చును గదా? తగ్గించలేదు. ఏలనన, ఆటశాలలో నాణెములు రాబట్టిన కఠినతయే ఇంటిలో దినములను రాబట్టినది. అయిదంకముల ఆటను నేర్పరి ఒక గంటలోపల ముగించును. అంత ధరపెట్టి కొన్న డబ్బా ఒక గంటలో ముగిసినచో తండ్రి ఊరకుండునా? చచ్చి, నేర్చి, మరల చచ్చి, మాంత్రికుడు ఏ మందసమున ఉండునో గుర్తుపెట్టుకొని, ఒక వేసవి సెలవులు గడచిపోవును. వీధిలో దోపిడిగా తోచిన నియమము ఇంటిలో పొదుపుగా మారినది. నియమము మారలేదు, ఇల్లు మారినది.

మిగిలిన ఇండ్ల సంగతి కొంచెము తొందరగా చెప్పుదుము, ఒకటి రెండు చోట్ల తప్ప. 1990లో ఎన్.ఇ.సి. వారి ‘సూపర్ గ్రాఫిక్స్’ అను యంత్రమునకు ఈ ఆట వచ్చినది. అది 8 మెగాబిట్ల కార్డుపై వచ్చి, చూపునకు సెగా ప్రతికన్న మూలమునకు దగ్గరగా ఉండెను. పాపము, ఆ యంత్రమునకే ఆయువు లేదు. దాని కొఱకే చేసిన ఆటలు మొత్తము 5 మాత్రమే. మంచి కాపురము, కూలిపోవు ఇల్లు. సెగావారి పాత ఎనిమిది బిట్ల ‘మాస్టర్ సిస్టం’ కొఱకు చేసిన ప్రతి దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినది. 2 మెగాబిట్ల చోటులో మూలమును ఇమిడ్చుట అసాధ్యమని తెలిసి, ఆట నియమములనే కొంత మార్చినారు : ఆర్థరు తన శిరస్త్రాణమును, కవచమును, పాదరక్షలను వేర్వేరుగా మెరుగుపరచుకొనుచు బలము పెంచుకొనును. ఇది అనువాదము కాదు, అనుసరణ. పేదయింటి వంటలో మసాలా తగ్గినప్పుడు చింతపండు పెంచినట్లున్నది. కొందరు దీనిని ఈసడింతురు గాని, లేని సిరిని నటించుటకన్న ఇదియే నయమని మేమందుము.

ఐరోపాలో ఇంటి పెట్టెలకన్న ఇంటి కంప్యూటర్ల వాడుక హెచ్చు. అచటి ప్రతులను యు.ఎస్. గోల్డ్ అను సంస్థ 1989లో ప్రకటించినది. నిర్మించినవారు ఇంగ్లండులోని మాంచెస్టరుకు చెందిన సాఫ్ట్‌వేర్ క్రియేషన్స్. కమడోర్ 64, స్పెక్ట్రం, అమీగా, ఇట్లు పలు యంత్రములు. చూపునకు, ఆటకు వీటిలో గొప్ప చెప్పుకొనదగినది తక్కువ. కాని టిమ్ ఫాలిన్ అను యువకుడు వీటికి సంగీతము సమకూర్చినాడు. కమడోర్ 64లోని చిప్పుకు గొంతులు మూడే. ఆ మూడు గొంతులతో ఆయన కవమోతో బాణీలను తీసికొని, విరిచి, పెంచి, కచేరీ చేసినాడు. ఆటను మఱచినవారు కూడ ఆ పాటను మఱవలేదు. మూలమున లేని అందము ప్రతిలో పుట్టుటకు ఇంతకన్న తార్కాణమేల? నాకాకు 5 మెగాబిట్లున్నందున విశ్వాసపాత్రుడైనాడు. ఫాలినుకు మూడు గొంతులే ఉన్నందున స్వతంత్రుడైనాడు. ఈ మాట సరదాకు అంటిమి గాని, ఇందులో కొంత నిజము లేకపోలేదు.

మన దేశమున 1990 దశకమున టీవీ ఆటలనుచు పట్టణములలో అమ్మినవి చాలవరకు ఫామికాముకు ముద్రలేని నకళ్ళు. సెగా యంత్రములను షా వాలెస్ సంస్థ అమ్మినది గాని వాటి ధర సామాన్యునికి అందనిది. అందుచేత మనవారిలో పెక్కుమందికి ఈ రెండవ ఆర్థరుతో పరిచయము ఆలస్యముగా, కంప్యూటర్ల మూలమున కలిగినది.

పేర్ల సంగతి ఒకటి మిగిలినది. ఆనాటి జపాను సంస్థలు తమ పనివారిని పోటీదారులు ఎత్తుకొనిపోదురని భయపడి, ఆట చివర అసలు పేర్లు వేయనిచ్చెడివి కావు, మారుపేర్లే. ఫుజివారా ‘ప్రొఫెసర్ ఎఫ్.’ అయినాడు. నాకా కూడ ఇంటిపేరు లేని గుర్తులతోనే కనబడువాడు. ఆట మూలకర్త పేరే ఇట్లు దాగినప్పుడు, దానిని ఇండ్లకు చేర్చిన పోర్టుకర్తలను ఎవరు తలచెదరు? కొందరి పేర్లు తరువాతి సంభాషణల వలన వెలికి వచ్చినవి. చాలమందివి రాలేదు. దేవాలయ శాసనములలో దాత పేరు, రాజు పేరు ఉండి, రాయి చెక్కినవాని పేరు లేకుండుట మన చరిత్రకారులు ఎరిగినదే. ప్రతులలో దేవతల పేర్లును మారినవి : జపాను మూలమున లూసిఫరుగా ఉన్న దయ్యపు రాజు, ఇంగ్లీషు ప్రతులలో లోకీ అయినాడు. క్రైస్తవ నామమునకు పాశ్చాత్యులు నొచ్చుకొందురన్న జంకు కాబోలు. ఉత్తర ఐరోపా పురాణములలోని లోకీ మాత్రము ఎవరికి పనికిరాని దిక్కులేని దేవుడా అని మాకొక ధర్మసందేహము.

తరువాతి కథ క్లుప్తము. 1990లో ఆర్థరును వేధించు ఎఱ్ఱ దయ్యమునకే ప్రత్యేకముగా ఒక ఆట వచ్చినది, గేమ్ బాయ్ అను చేతి పెట్టెపై. 1991లో మూడవ ఆటను కాప్‌కాం ఆటశాలకు పంపక, నేరుగా నింటెండో వారి సూపర్ ఫామికాం కొఱకే చేసినది. వీధినుండి ఇంటికి తెచ్చు పనియే అక్కరలేకపోయినది. ఆట ఇంటిలోనే పుట్టినది. 1994లో రెండవ ఆట షార్ప్ వారి ఎక్స్ 68000 అను కంప్యూటరుకు వచ్చినది. అందు ప్రాసెసరును, పాట చిప్పును ఆటశాల ఫలకములోనివే కనుక, మూలమునకును ప్రతికిని తేడా వెదకుట కష్టమైనది. 1998లో మూడు ఆటలను కలిపి సాటర్న్, ప్లేస్టేషన్ యంత్రములకు సంపుటముగా వేసినారు. ఫుజివారా ఈలోపల 1989 నాటి ‘స్వీట్ హోం’ అను భయానక ఆటతో వేరొక మార్గమునకు విత్తనము వేసి, చాలకాలమునకు 2021లో ఆర్థరు క్రొత్త ఆటకు మరల చేయి వేసినాడు.

ఇప్పుడు ఆటశాల మూలమును యథాతథముగా ఆడుకొనుటకు ఇబ్బంది లేదు. 2021లో కాప్‌కాం వెలువరించిన ఆటశాల సంపుటములో అదియు ఉన్నది. యంత్రముల వేగము అంత పెరిగినది గనుక కోతలు, సర్దుబాట్లు అక్కరలేదు. అట్లయినచో పాత పోర్టుల పని ముగిసినట్లేనా? జనులు అట్లు తలచినట్లు లేదు. 2019లో సెగా తన పాత యంత్రమును అరచేతి పరిమాణమున మరల విడుదల చేసి, అందులో 42 ఆటలు చేర్చినది. పాశ్చాత్య దేశములకు పంపిన ఆ చిన్న పెట్టెలో దైమకైమురా కూడ ఉన్నది. అందు పెట్టినది కాప్‌కాం మూలము కాదు. తక్కువ రంగులు, ఆరు గొంతుల పాట, ఇరుకు తెరతో 1989లో నాకా సర్దిపెట్టిన ఆ 5 మెగాబిట్ల ప్రతియే.